ఎడమచేతి వాటానికి ఒక బోల్ట్ యాక్షన్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్: ఇంటి వర్క్‌షాప్‌లో మొదటినుంచీ చివరిదాకా

ఎయిర్‌సాఫ్ట్ అంటే బీబీలనే చిన్న ప్లాస్టిక్ గుళ్లు కాల్చే బొమ్మ తుపాకులతో జట్లుగా ఆడే ఆట. ఈ రైఫిల్ అడిగింది మా టీమ్‌లో ఆడే ఒకమ్మాయి. ఎడమచేతి వాటం, మనిషి పొట్టి. స్ప్రింగ్‌తో పనిచేసే బోల్ట్ యాక్షన్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిళ్లలో దాదాపు అన్నిటికీ బోల్ట్ పిడి (ప్రతి షాట్‌కూ స్ప్రింగ్ నొక్కడానికి వెనక్కి లాగేది) కుడివైపే ఉంటుంది. ఎడమ భుజానికి ఆనించి ఆడేవాళ్లు ప్రతి షాట్ తర్వాత చెయ్యి అటువైపు తిప్పి లాగాలి, లాగేటప్పుడు తల స్కోప్ మీదనుంచి లేస్తుంది, తల లేస్తే పొదలో దాక్కున్న లాభమంతా పోతుంది. పైగా స్టాక్, అంటే భుజానికి ఆనే భాగం, పొడవు. బట్ వెనక అంచునుంచి ట్రిగ్గర్ దాకా ఆమెకు సుమారు 300 మి.మీ. ఉండాలి, అంతకంటే పొడుగైతే మెడ సాచి స్కోప్ చూడాల్సి వస్తోంది. "అన్నా, స్టాక్ ఒక్కటి కోసిపెట్టు చాలు" అంది మొదట. స్టాక్ కోయడం పెద్ద పనేం కాదు, కానీ పిడి నడిచే గాడి రిసీవర్‌లో, అంటే సిలిండర్ కూర్చునే గొట్టంలో, ఉంటుంది, దాన్ని ఇటునుంచి అటు మార్చలేం. ఎడమచేతి మోడళ్లు అసలు లేవని కాదు, ఉన్న ఒకటీ అరా ఆమెకు మరీ పొడుగు. అందుకని రిసీవర్‌తో మొదలుపెట్టి చేద్దామనుకున్నాం.

ఏది చేయాలి, ఏది కొనాలి అన్నది ముందే తేల్చుకోవాలి. రిసీవర్, సిలిండర్, పిస్టన్, ట్రిగ్గర్ యూనిట్, స్టాక్ చేతితో చేసినవి. లోపలి బ్యారెల్, హాప్ రబ్బరు (బీబీని వెనక్కి తిప్పి పంపేది), అది కూర్చునే ఛాంబర్, స్ప్రింగ్, మ్యాగజైన్ కొన్నవి. 6.03 మి.మీ. రంధ్రాన్ని 430 మి.మీ. పొడవునా ఒకే సైజులో, అద్దంలాంటి నునుపుతో తీయడం ఇంట్లో ఉండే చిన్న లేత్ వల్ల అయ్యే పని కాదు. బీబీ వ్యాసం 5.95 మి.మీ., అంటే చుట్టూ మిగిలే ఖాళీ వందో వంతుల్లో లెక్క. చేతితో చేశానన్న పేరు కోసం బ్యారెల్ కూడా చేద్దామనుకుంటే రైఫిల్ పాడవుతుంది తప్ప ఇంకేం ఒరగదు. స్ప్రింగ్ కూడా అంతే, చుట్టడం తేలికే కానీ వేడిచేసి పదును పెట్టడం సరిగ్గా కుదరకపోతే నెల తిరక్కుండానే కుంగిపోతుంది.

శక్తి పరిమితి 0.98 జూల్ పెట్టుకున్నాం. ఇది జపాన్‌లో 2006 నుంచి చట్టప్రకారం 6 మి.మీ. బీబీకి ఉన్న హద్దు, 0.20 గ్రాముల బీబీకి సెకనుకు 99 మీటర్లు అవుతుంది. కొన్నిచోట్ల సింగిల్ షాట్ రైఫిళ్లకు ఇంతకు రెట్టింపు పైనే ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల అసలు చట్టమే వేరు. మొదలుపెట్టే ముందు మీరుండే చోట చట్టం ఏమంటుందో, ఎయిర్‌సాఫ్ట్ చేసుకోవచ్చో లేదో కనుక్కోండి. నిజమైన తుపాకీ భాగం ఏదీ ఇందులో దూరకుండా సైజులన్నీ వేరే పెట్టాం, మూతి కొసకు నారింజ రంగు వేశాం. దీనిమీద నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను.

గాలి లెక్క

సిలిండర్ లోపలి వ్యాసం 24 మి.మీ., పిస్టన్ నడిచే దూరం 70 మి.మీ. అంటే ఒక్కో షాట్‌కు 31.7 సీసీల గాలి. 6.03 వ్యాసం, 430 పొడవున్న బ్యారెల్‌లో పట్టేది 12.3 సీసీలు. నిష్పత్తి 2.6కు 1. తేలిక బీబీలకు ఇంత గాలి అక్కర్లేదు, కానీ ఆమె వాడేది 0.28 గ్రాములది. బరువైన బీబీ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, అంతసేపూ వెనకనుంచి తోసే గాలి ఉండాలి. దీనికో తిరకాసు ఉంది. గాలి మిగులుగా ఉంటే బరువైన బీబీ తేలికదానికంటే ఎక్కువ జూల్స్‌తో బయటికొస్తుంది, జూల్ క్రీప్ అనేది దీన్నే. 0.20తో క్రోనో చేసి (పరికరంతో వేగం కొలిచి) హద్దులో ఉందని గ్రౌండ్‌కు వెళ్లి 0.30 వేసి ఆడేవాళ్లు హద్దు దాటుతున్నట్టు వాళ్లకే తెలీదు. ఆడే బీబీతోనే క్రోనో చేయాలి.

రిసీవర్, దాని గాడి

రిసీవర్ 6061 అల్యూమినియం గొట్టం. లోపల సిలిండర్ జారాలి, కానీ ఊగకూడదు. మొత్తంమీద 0.1 మి.మీ. ఖాళీ వదిలాను. ఎక్కువసేపు పట్టింది పిడి నడిచే గాడి దగ్గరే. నా దగ్గర మిల్లింగ్ మెషిన్ లేదు. గొట్టం మీద గీత గీసి, వరసగా రంధ్రాలు వేసి, మధ్య గోడలు రంపంతో తెంచి, మిగిలిందంతా ఆకురాయితో. గొట్టం వైస్‌లో నొక్కుకుపోకుండా లోపల సరిగ్గా పట్టే చెక్క దిమ్మె పెట్టి బిగించాలి. గాడి పొడవు పిస్టన్ స్ట్రోక్‌కు సమానంగా ఉంటే చాలదు, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టన్‌ను ఆపి ఉంచే కొక్కెం) పట్టుకోవడానికి పిస్టన్ ఇంకాస్త వెనక్కి వెళ్లాలి, దానికి 3 మి.మీ. అదనం. ముందు కొసన పిడి కిందికి వాలడానికి పక్కకు ఒక కోత, ఇంగ్లిష్ ఎల్ ఆకారంలో. ఈ కోత సంగతి గుర్తుపెట్టుకోండి, దీని గురించి మళ్లీ చెప్పాలి.

గాడి అంచుల్లో లోపలివైపు గోరుతో రాస్తే తగిలేంత బుర్ (కోసినచోట మిగిలే లోహపు ముల్లు) మిగిలినా సిలిండర్ మీద గీతలు పడతాయి. వేలు లోపలికి పోదు, కనుక సన్నని కర్రకు 400 నంబర్ గరుకు కాగితం చుట్టి లోపలినుంచి బయటికి లాగాను.

పిస్టన్ తలకు ఓ-రింగ్ బిగుతుగా ఉంటే గాలి బాగా ఆగుతుందని అందరూ అనుకుంటారు, నిజానికి బిగుతైతే రాపిడి పెరిగి పిస్టన్ నెమ్మదిస్తుంది, రింగ్ తొందరగా అరుగుతుంది, ఇవాళ ఒక వేగం రేపు ఒక వేగం. నేను చేసినది కొంచెం వదులుగా తేలే నైట్రైల్ రింగ్. పిస్టన్ ముఖం మీద చిన్న రంధ్రాలు వేసి వాటిని రింగ్ కూర్చునే గాడి లోతుకు కలిపాను. పిస్టన్ ముందుకు దూకినప్పుడు ఒత్తిడి ఆ రంధ్రాల్లోంచి వచ్చి రింగ్‌ను లోపలినుంచి బయటికి నెట్టి గోడకు అతికిస్తుంది, ఒత్తిడి లేనప్పుడు రింగ్ వదులుగా ఉంటుంది. పరీక్ష సులువు. నాజిల్ (సిలిండర్ ముందు గాలి బయటికొచ్చే సన్న గొట్టం) కొసను వేలితో మూసి పిస్టన్‌ను చేత్తో తోయండి, మెత్తటి గాలి దిండుకు కొట్టుకున్నట్టు ఆగి అక్కడే నిలవాలి, మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది. సిలికాన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే అది నాజిల్‌లోంచి వెళ్లి హాప్ రబ్బరుకు అంటుకుంటుంది, బీబీ తిరగకుండా జారి ముందే నేలమీద పడుతుంది. పెట్రోలియం నూనెలు రబ్బరు దగ్గరకే రానివ్వొద్దు.

స్ప్రింగ్ నొక్కుకుపోయేటప్పుడు తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది, చాలామంది ఇది గమనించరు. వెనక గైడ్ మీద చిన్న థ్రస్ట్ బేరింగ్ పెడితే ఆ మెలిక పిస్టన్‌కు చేరదు, షాట్ తర్వాత వచ్చే 'టింగ్' శబ్దం కూడా బాగా తగ్గుతుంది.

సియర్

బోల్ట్ లాగి వదిలాక స్ప్రింగ్ బలమంతా ఆపి ఉంచేది వేలి గోరంత కూడా లేని ఒక ఉక్కు అంచు. ఇక్కడ అల్యూమినియం, ఇత్తడి, మామూలు మైల్డ్ స్టీల్ ఏవీ పనికిరావు. ఓ1 టూల్ స్టీల్ ముక్కను ఆకురాయితో ఆకారానికి తెచ్చి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఎంత కాల్చాలో అయస్కాంతం చెబుతుంది, ఉక్కు దానికి అతుక్కోవడం మానేశాక ఇంకాస్త వేడిచేసి ముంచాలి. ముంచిన వెంటనే అది గాజులా పెళుసుగా ఉంటుంది, అలాగే బిగిస్తే అంచు విరుగుతుంది. శుభ్రంగా రుద్ది మెరిపించి, ఓవెన్‌లో 200 డిగ్రీల పైన మళ్లీ వేడిచేస్తే లేత గడ్డి రంగు వస్తుంది. అక్కడితో ఆపాలి. పిస్టన్‌లో సియర్ పట్టుకునే భాగం కూడా ఇదే ఉక్కు, లేకపోతే గట్టిది మెత్తదాన్ని తినేస్తుంది.

సియర్ 45 డిగ్రీల ఏటవాలు అంచు మీద కాకుండా 90 డిగ్రీల నిలువు అంచు మీద పట్టేలా చేశాను. ఏటవాలుగా ఉంటే స్ప్రింగ్ దాన్ని ఎప్పుడూ పక్కకు నెడుతూనే ఉంటుంది, కొంతకాలానికి అంచు అరిగి తనంతట తానే జారే రోజొస్తుంది. నిలువు అంచుకు ఆ బాధ తక్కువ, కాకపోతే ట్రిగ్గర్ బరువుగా అనిపించకుండా రెండు ముఖాలనూ 600 నుంచి 2000 నంబర్ దాకా కాగితం మార్చుకుంటూ రుద్దాలి. బిగించాక బోల్ట్ లాగి, బీబీ లేకుండా, మూతి సురక్షితమైన వైపు పెట్టి, బట్‌ను రబ్బరు సుత్తితో అన్నివైపులా కొట్టి చూశాను. కదల్లేదు. ఈ పరీక్ష దాటందే రైఫిల్ ఇంకొకరి చేతికి ఇవ్వకండి, ఎంత తొందరపెట్టినా సరే.

స్టాక్ టేకు. ఎందుకంటే బాగా ఆరిన పలక ఇంట్లోనే ఉంది, అంతకుమించి కారణం లేదు. పిడి దగ్గర చెక్క గీతలు పొడవునా పోయేలా చూసి కోసుకోవాలి, అడ్డంగా పోతే సన్నగా ఉన్న మెడ అక్కడే విరుగుతుంది. ఎడమచేతి వాటమంటే బోల్ట్ పిడి మాత్రమే కాదు, బుగ్గ ఆనే చీక్ పీస్ కూడా స్టాక్‌కు కుడివైపు రావాలి. కార్డుబోర్డు ముక్కలు టేపుతో అంటించి ఆమెతో కళ్లు మూసుకుని భుజానికి పెట్టించి, కళ్లు తెరిస్తే స్కోప్ మధ్యలో కనపడేదాకా ముక్కలు కలుపుతూ తీస్తూ కొలత తీసుకున్నాం. రిసీవర్ కూర్చునే గుంటలో ఎపాక్సీ పోసి అచ్చు తీశాను. టేకులో నూనె ఉంటుంది, ఎసిటోన్‌తో తుడవకపోతే ఎపాక్సీ పట్టదు. లోహానికి మైనం రాయకపోతే మాత్రం ఇంకెప్పటికీ ఊడకుండా పడుతుంది.

క్రోనో ముందు

అన్నీ బిగించి ఎం100 స్ప్రింగ్‌తో (0.20 బీబీకి సెకనుకు సుమారు 100 మీటర్లు ఇచ్చే రకం), పాత గుడ్డలు కుక్కిన అట్టపెట్టెలోకి కాల్చి చూస్తే 0.20 బీబీ వేగం సెకనుకు ఒకసారి 89 మీటర్లు, ఒకసారి 96, మధ్యలో ఏదైనా. మామూలుగా ఇలాంటప్పుడు అందరూ పిస్టన్‌ను అనుమానిస్తారు. వేలితో మూసే పరీక్షలో పిస్టన్ నిక్షేపంగా ఉంది. హాప్ రబ్బరు మార్చినా అదే తీరు. అప్పుడు పిడిని చేత్తో ముందుకు నొక్కిపట్టి కాల్చాను, వేగాలు ఒక్కసారిగా దగ్గరపడ్డాయి. అంటే కారేది సిలిండర్‌లో కాదు, నాజిల్‌కూ రబ్బరు పెదవికీ మధ్య.

డయల్ గేజ్ ఆనించి చూస్తే పిడి కిందికి వాలి ఉన్నా సిలిండర్ ముందుకూ వెనక్కూ 0.4 మి.మీ. ఆడుతోంది. ఆకురాయితో తీసిన ఆ పక్క కోతలో పిడి దూరడానికి ఎంతో కొంత ఖాళీ ఉండాలి, ఆ ఖాళీయే ఇది. ఒక షాట్‌కు నాజిల్ రబ్బరులో పూర్తిగా కూర్చుంటోంది, ఇంకో షాట్‌కు వెంట్రుకవాసి వెనక ఉంటోంది. బీబీ మొదలయ్యే చోటు కూడా దాంతోపాటే మారుతోంది.

ఖాళీ తగ్గిస్తే పిడి బిగుసుకుంటుంది, వదిలేస్తే గాలి కారుతుంది. అందుకని కోత వెనక గోడను కొంత కోసేసి, అక్కడ పదును పెట్టిన ఉక్కు ముక్కను రెండు ఎం3 కౌంటర్‌సంక్ స్క్రూలతో బిగించాను. ఆ ముక్క అంచు తిన్నగా ఉండదు. పిడి పైనుంచి కిందికి వాలేలోపు 0.6 మి.మీ. ముందుకు నెట్టేలా వాలుగా ఉంటుంది. పిడి వదులుగా లోపలికి వస్తుంది, కిందికి వాలేకొద్దీ సిలిండర్ ముందుకు జరిగి నాజిల్‌ను రబ్బరులోకి ఒత్తుతుంది, చివర్లో చేతికి చిన్న బిగువు తెలుస్తుంది. అల్యూమినియం మీద ఆ వాలు నేరుగా తీస్తే నాలుగు ఆటలకే అరిగిపోయేది.

తర్వాత వేగాల మధ్య తేడా సెకనుకు ఒక మీటరు లోపలికి వచ్చింది. కానీ కారడం ఆగింది కదా, వేగం పెరిగి 101కి పోయింది, అంటే 1.02 జూల్, హద్దు దాటేసింది. గైడ్ వెనక ఉన్న 3 మి.మీ. స్పేసర్ తీసేసి స్ప్రింగ్ ముందస్తు నొక్కుడు తగ్గించాను. ఇప్పుడు 0.20తో 97, అంటే 0.94 జూల్. ఆమె ఆడే 0.28తో 83, అంటే 0.96 జూల్. పైన చెప్పిన క్రీప్ ఇక్కడ కొంచెమే అయినా అంకెల్లో కనపడుతుంది.

ఎడమకు వంగే బీబీ

హాప్-అప్ చేసేది ఒక్కటే, బీబీ పైభాగాన్ని రబ్బరుతో రాసి దాన్ని వెనక్కి తిప్పడం. వెనక్కి తిరిగే బంతిని గాలి పైకి ఎత్తుతుంది, అదే మాగ్నస్ ఎఫెక్ట్. 0.28 బీబీ 83 మీటర్ల వేగంతో బయల్దేరితే 40 మీటర్లు చేరేసరికి గాలి రాపిడికి దాని వేగం మూడో వంతుకు పడిపోతుంది, సమయం సుమారు 0.85 సెకను పడుతుంది. హాప్ లేకపోతే ఆ సమయంలో మూడు మీటర్లకు పైగా కిందికి పడాలి. ఆ మూడు మీటర్లూ ఎత్తి పట్టుకునేది ఆ చిన్న రబ్బరు ముక్క. అందుకే బ్యారెల్ మీద, స్ప్రింగ్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దాని మీద పెట్టమని నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను.

మా రైఫిల్ దూరం పెరిగేకొద్దీ ఎడమకు పోతోంది. స్కోప్ సరిచేస్తే పోతుందిలే అని వదిలేయకండి, ముందు ఎలా పోతోందో చూడాలి. హాప్ పూర్తిగా తీసేసి 10 మీటర్లలో కాలిస్తే నిటారుగా వెళ్తోంది. హాప్ పెట్టి కాలిస్తే దగ్గర్లో నిటారుగానే బయల్దేరి, దూరంలో పక్కకు వంగుతోంది. బ్యారెల్ వంకరైనా, స్కోప్ పక్కకున్నా తేడా సరళరేఖలో పెరుగుతుంది. ఇలా వంగుతోందంటే తిరుగుడే పక్కకు వాలి ఉంది.

స్కోప్ రైల్ మీద ఒకటి, ఛాంబర్ పైముఖం మీద ఒకటి స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే రెండింటికీ మధ్య దాదాపు 3 డిగ్రీల తేడా. మూడు డిగ్రీలంటే ఏముందిలే అనిపిస్తుంది. పైకి ఎత్తే బలం బీబీ బరువుకు సమానం అనుకుని లెక్క వేస్తే, అందులో 3 డిగ్రీల వాటా పక్కకు లాగితే 40 మీటర్ల దగ్గర సుమారు 19 సెం.మీ. పక్కకు జరుగుతుంది. మాకు కనపడిందీ ఇంచుమించు అంతే. ఛాంబర్‌ను పట్టి ఉంచే స్క్రూ రంధ్రాన్ని సన్న ఆకురాయితో పక్కకు సాగదీసి, ఛాంబర్ తిప్పి, రెండు లెవెళ్లూ కలిశాక బిగించాను. మూతి వైపునుంచి టార్చ్ వేసి వెనకనుంచి చూస్తే రబ్బరు ఉబ్బు సరిగ్గా పైన మధ్యలో, రెండు పక్కలా సమానంగా దిగాలి, ఒక మూల ముందు కనపడితే ఇంకా వాలు ఉన్నట్టే.

దీనివల్లే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. రైఫిల్ సరిగ్గా ఉన్నా ఆడేవాళ్లు దాన్ని పక్కకు వంచి పట్టుకుంటే అదే వంపు వస్తుంది. ఆమె పొదలో ఒక మోచేతి మీద వాలి కాల్చేటప్పుడు వంచి పడుతుందని గ్రౌండ్‌లో చూశాక స్కోప్ పక్కన ఒక బుడగ లెవెల్ బిగించాం.

లోపలి బ్యారెల్ బయట వ్యాసం 8.5 మి.మీ., సన్నని ఇత్తడి. బయటి బ్యారెల్‌లో దాన్ని అలా వేలాడదీస్తే షాట్‌కు వణుకుతుంది. మూడు చోట్ల ఓ-రింగులు వేసి ఆనించాను.

ఇప్పుడు ఎలా ఉంది

బరువు 2.6 కిలోలు, తూకం మ్యాగజైన్‌కు రెండు వేళ్లు ముందు నిలుస్తుంది. గాలి లేని రోజు 40 మీటర్ల దగ్గర బీబీల్లో ఎక్కువ భాగం ఏ4 కాగితంలో పడుతున్నాయి. ఒక జూల్ లోపు రైఫిల్‌కు ఇది మంచి ఫలితమే, 60 మీటర్లలో తలకాయంత గుండ్రంలో కొడుతుందని చెప్పేవాళ్ల మాటలు నేను పెద్దగా పట్టించుకోను. బోల్ట్ లాగినప్పుడు ఆమె తల స్కోప్ మీదనుంచి లేవడం లేదు, ఇంత పనీ దానికోసమే కదా.

కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. చలి ఉదయాల్లో హాప్ రబ్బరు గట్టిపడి మొదటి కొన్ని షాట్లు ఎత్తుగా పోతున్నాయి, 60 డిగ్రీల రబ్బరు బదులు 50 డిగ్రీలది వేసి చూడాలి (ఈ డిగ్రీలు వేడివి కావు, రబ్బరు గట్టిదనానివి, అంకె తగ్గితే మెత్తన). బోల్ట్‌ను సగం లాగి, సియర్ పట్టకముందే ముందుకు తోస్తే రెండో బీబీ కూడా ఛాంబర్‌లోకి వస్తోంది, కంగారులో ఆమె అప్పుడప్పుడు అదే చేస్తోంది. దానికి మ్యాగజైన్ మెడ దగ్గర నాజిల్ వెనక్కి పూర్తిగా వెళ్తే తప్ప బీబీని వదలని చిన్న స్ప్రింగ్ తాళం గీసి పెట్టుకున్నాను, ఇంకా కోయలేదు.

బీబీ లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కకండి. ముందు బీబీ ఉంటే గాలి అడ్డుపడి పిస్టన్ వేగం చివర్లో తగ్గుతుంది, లేకపోతే నేరుగా వచ్చి సిలిండర్ తలకు కొట్టుకుంటుంది, రబ్బరు ప్యాడ్ వేసినా ఆ దెబ్బ మిగతా భాగాలకూ తగులుతుంది. నేలమీద పడ్డ బీబీలు ఏరుకొచ్చి మళ్లీ వేయొద్దు, కంటికి కనపడని గీత, ఇసుక రేణువు చాలు బ్యారెల్ పాడవడానికి. ఆట అయ్యాక ముందు మ్యాగజైన్ తీయండి, ఛాంబర్‌లో మిగిలిన బీబీని నేలవైపు కాల్చి ఖాళీ చేయండి, బోల్ట్ వెనక్కి లాగి పెట్టకుండా స్ప్రింగ్ వదులు చేసి సంచిలో పెట్టండి. కళ్లద్దాలు మాత్రం గ్రౌండ్ దాటేదాకా తీయకండి, చుట్టూ పూర్తిగా మూసుకుపోయే రకమే, మామూలు చలువ కళ్లద్దాలు కాదు.